సాగు గదికి ఆరంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ కిట్: ఫ్యాన్ మేలైనదే, కిట్ మాత్రం అసంపూర్ణం

ఎల్ఈడీ దీపాల కింద ఆకుకూరలు పెంచే గది కోసం తీసుకున్న ఈ కిట్‌లో ఆరంగుళాల ఇన్‌లైన్ (గాలి గొట్టం వరసలోనే బిగించే) ఎగ్జాస్ట్ ఫ్యాన్, వాసనలు పీల్చే కార్బన్ ఫిల్టరు, అల్యూమినియం డక్టు (గాలి గొట్టం), ఉష్ణోగ్రతను, తేమను బట్టి వేగాన్ని మార్చే కంట్రోలరు ఉన్నాయి. ఒక పంటకాలమంతా వాడిన మీదట చూస్తే, దీని ప్రధాన బలం ఈసీ మోటారే, అంటే వేగాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో అదుపు చేసే మోటారు. మామూలు ఏసీ మోటారు వేగాన్ని రెగ్యులేటరుతో తగ్గిస్తే తరచుగా గుర్రుమనే శబ్దం వస్తుంది. ఇది మాత్రం అతి తక్కువ వేగంలోనూ నిశ్శబ్దంగా తిరుగుతుంది.

పెట్టెపై గంటకు 680 ఘనపు మీటర్లని ముద్రించారు. అది ఫిల్టరు, డక్టు ఏవీ తగిలించకుండా కొలిచిన సంఖ్య కనుక, ఫిల్టరు బిగించి డక్టును ఒకటి రెండుచోట్ల వంచితే గాలి గణనీయంగా తగ్గుతుంది. గది ఘనపరిమాణాన్ని బట్టి ఫ్యాన్‌ను ఎంచుకోవాలని కిట్‌తో వచ్చిన కరపత్రం చెబుతున్నా, ముందుగా లెక్కించవలసింది దీపాల వేడిని. దీపం తీసుకునే విద్యుత్తు దాదాపుగా అంతా చివరకు వేడిగానే మారుతుంది; ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు లాక్కునే వేడిని పక్కన పెడితే, 400 వాట్ల దీపమున్న గది బయటి గాలికన్నా 3 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే గంటకు సుమారు 400 ఘనపు మీటర్ల గాలి మారాలి. అంత గాలి ఆడే గదిలో కార్బన్ డయాక్సైడ్ కొరత గురించి వేరుగా బెంగపడనక్కరలేదు. బయటే వేడి ఎక్కువగా ఉంటే మాత్రం ఈ ఫ్యాన్ చేయగలిగింది ఏమీ లేదు, ఆ సంగతి కరపత్రంలో కనబడదు.

కిట్‌లోని అసలు లోపం గాలి లోపలికి వచ్చే మార్గం గురించి ఒక్క మాటైనా లేకపోవడం. ఎగ్జాస్టు గాలిని బయటికి లాగినంత మాత్రాన సరిపోదు, అంతే గాలి లోపలికి రావాలి. ఫ్యాన్ వల్ల గదిలో గాలి పీడనం తగ్గడంతోనే గాలి దానంతట అది రావాలంటే, ఎగ్జాస్టు వైశాల్యానికి కనీసం రెట్టింపు, అంటే సుమారు 56 చదరపు అంగుళాల కంత, ఎదుటి గోడకు నేల దగ్గరగా ఉండాలి. దానికి పురుగులు రాకుండా జాలీ వేస్తే కంతను మరికొంత పెద్దది చేయాలి. ఇది లేకపోతే తలుపు తెరవడమే కష్టమవుతుంది, ఫ్యాన్ రొద పెరిగి గాలి తగ్గుతుంది.

లెట్యూస్ లేత ఆకుల అంచులు మాడడాన్ని కూడా ఈ కిట్ నివారిస్తుందన్న ప్రకటన అతిశయోక్తి. నీరు తగినంత ఆవిరికాక లోపలి లేత ఆకులకు కాల్షియం అందకపోవడం ఆ మాడుకు ముఖ్య కారణం. అందుకు మొక్కల మీదుగా మెల్లగా వీచే చిన్న ఫ్యాన్ వేరుగా కావాలి.

కంట్రోలరు పనితీరు తృప్తికరం. దీపాలు ఆరాక ఉష్ణోగ్రత పడిపోయినా తేమ పెరుగుతుంది. ఇది రెండింటిలో ఏది హద్దు దాటినా ఫ్యాన్‌ను నడుపుతుంది. సెన్సరును మాత్రం దీపం వెలుగు నేరుగా పడకుండా ఆకుల ఎత్తులో వేలాడదీయాలి, కానీ వారిచ్చిన తీగ అంత దూరం అందదు.