32వ సెకనులో తెగిపోయిన కాల్స్: ఏడాదిన్నర తర్వాత నా వీఓఐపీ కోర్సు సమీక్ష

ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ నడపడం (వీఓఐపీ) నేర్పే ఈ ఆన్‌లైన్ కోర్సు తీసుకుని ఏడాదిన్నర అయింది. చేరిన రెండో వారంలోనే ఆఫీసులో అందరికీ "కళ్లు మూసుకుని తీసుకోండి" అని చెప్పేశాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. కానీ దాని ల్యాబ్‌ల విషయంలో మాత్రం నా మాట మారలేదు. ఇది రాస్తున్నది కూడా వాటి కోసమే.

ఆస్టరిస్క్ అంటే ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్, సిప్ అంటే కాల్ కలపడానికి, ముగించడానికి సర్వర్లు మెసేజ్‌లు పంపుకునే పద్ధతి. అంతకుమించిన వివరాలు, వీడియోలు ఎన్ని గంటలు అన్నవి వదిలేస్తున్నాను. ఈ కోర్సులో ప్రతి పాఠం చివర మనకొక సర్వర్ ఇస్తారు, ముందే చెడగొట్టి. ఏం చెడిందో చెప్పరు. "కాల్ కలుస్తోంది, మాట వినపడటం లేదు" అని కస్టమర్ చెప్పినట్టు ఒక్క వాక్యం రాసి ఉంటుంది, అంతే. దాన్ని బాగుచేస్తే సరిపోదు. కాల్ సమయంలో నెట్‌వర్క్‌లో నడిచిన ప్యాకెట్లు పట్టిన ఫైల్ అప్‌లోడ్ చేసి, తప్పు ఏ మెసేజ్‌లో, ఏ లైన్లో ఉందో చూపించాలి. చూపించలేకపోతే ల్యాబ్ పూర్తయినట్టు కాదు.

మొదట్లో నాకు విసుగొచ్చింది. అప్పటిదాకా నా పద్ధతి వేరు. కాల్ పోతే కాన్ఫిగ్ ఫైల్లో ఏదో ఒకటి మార్చి, రీలోడ్ కొట్టి, మళ్లీ డయల్ చేసేవాణ్ణి. పనిచేస్తే ఎందుకు పనిచేసిందో చూసేవాణ్ణి కాదు. ఆరేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. ఆ అలవాటు మాన్పించింది ఈ ల్యాబ్‌లే. మాన్పించిందని నాకు తెలిసింది మాత్రం విజయవాడ క్లయింట్ దగ్గర.

అదొక డయాగ్నస్టిక్ సెంటర్. వాళ్ల ఫోన్ సిస్టమ్ మేమే పెట్టాం. క్లౌడ్ సర్వర్ మీద ఏడాదిగా ఏ గొడవా లేకుండా నడుస్తోంది. ఈలోగా వాళ్లు ఇంకో ప్రొవైడర్ దగ్గర రెండో ట్రంక్ (బయటి కాల్స్ వచ్చిపోయే లైన్) తీసుకున్నారు. మర్నాడు పొద్దున్నే రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, పేరు రాసుకుని వయసు అడిగేలోపే కట్టైపోతోందండి. వాళ్లు మళ్లీ చేసి నన్ను తిడుతున్నారు."

మాట రెండువైపులా శుభ్రంగా వినపడుతోంది. మమ్మల్ని తికమక పెట్టింది అదే. నాట్ (లోపలి ఐపీ అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చే ఏర్పాటు) తేడా అయితే మాట ఒకవైపే వినపడాలి కదా అనుకున్నాం. ప్రొవైడర్ వాళ్లు తమ వైపు అంతా బాగానే ఉందన్నారు. మా టీమ్ లీడ్ సర్వర్ మీద లోడ్ ఎక్కువైందేమో అన్నాడు. నేను టైమర్ పెట్టుకుని ఐదుసార్లు డయల్ చేశాను. ఐదుసార్లూ 32 సెకన్లకే తెగింది.

మునుపైతే నేరుగా కాన్ఫిగ్ ఫైల్ తెరిచేవాణ్ణి. ఈసారి సిప్ మెసేజ్‌లని వరసగా చూపించే ఎస్ఎన్‌గ్రెప్ తెరిచాను. అటు నుంచి ఇన్వైట్, అంటే కాల్ కలపమనే మెసేజ్, వచ్చింది. కాల్ ఎత్తామని మా సర్వర్ 200 ఓకే పంపింది. దానికి అటు నుంచి యాక్, అంటే అందిందన్న జవాబు, రావాలి. రాలేదు. అర సెకను ఆగి మా సర్వర్ మళ్లీ 200 ఓకే పంపింది. తర్వాత సెకనుకి, రెండు సెకన్లకి, నాలుగు సెకన్లకి, ఆపైన నాలుగేసి సెకన్లకొకటి. లెక్కపెడితే మొత్తం 11. చివరికి కాల్ ముగించే బై మెసేజ్ పంపింది కూడా మా సర్వరే. 2002లో వచ్చిన సిప్ ప్రమాణం, ఆర్ఎఫ్‌సీ 3261, చెప్పేది ఇదే. మళ్లీ పంపేముందు మొదటిసారి ఆగే సమయం టీ1, అంటే 500 మిల్లీసెకన్లు. దానికి 64 రెట్ల సేపు చూసినా యాక్ రాకపోతే కాల్ ముగించాలి. 64 అర సెకన్లంటే సరిగ్గా 32.

యాక్ ఎక్కడికి పోతోందో తెలియాలంటే 200 ఓకేలో కాంటాక్ట్ లైన్ చూడాలి, తర్వాతి మెసేజ్‌లు ఏ అడ్రస్‌కి పంపాలో చెప్పేది అదే. ల్యాబ్‌లలో ఆ లైన్ మీద ఎన్నిసార్లు వేలు పెట్టానో నాకే గుర్తులేదు. ఇక్కడ దాంట్లో 10తో మొదలయ్యే మా లోపలి ఐపీ ఉంది. బయటి నుంచి ఆ అడ్రస్‌కి దారే లేదు. కింద మాట ఏ అడ్రస్‌కి పంపాలో చెప్పే ఎస్‌డీపీ భాగంలో మాత్రం పబ్లిక్ ఐపీ ఉంది, అందుకే మాట వినపడుతోంది. సిస్టమ్ పెట్టిన రోజున కాన్ఫిగ్‌లో మాట కోసం ఉండే ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్ నింపి, సిప్ మెసేజ్‌ల కోసం ఉండే ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్ వదిలేశాం. పాత ప్రొవైడర్ సర్వర్ కాంటాక్ట్ లైన్‌ని పట్టించుకోకుండా, ప్యాకెట్ వచ్చిన అడ్రస్‌కే యాక్ పంపేది. అందుకని ఏడాదిపాటు మా తప్పు బయటపడలేదు. కొత్త ప్రొవైడర్ ప్రమాణంలో ఉన్నట్టే చేసింది.

ఆ ఒక్క లైన్ రాసి పీజేసిప్ (ఆస్టరిస్క్‌లో సిప్ పని చూసే భాగం) రీలోడ్ కొట్టాను. మళ్లీ 32కే తెగింది. అరగంటసేపు ఒకటే టెన్షన్. చదివిందంతా తప్పేమో అనిపించింది. మళ్లీ ట్రేస్ తీస్తే కాంటాక్ట్‌లో అదే పాత ఐపీ, అంటే నేను రాసింది ఎక్కనే లేదు. ఆ లైన్ ఉండేది ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్లో. అక్కడ చేసిన మార్పు మామూలుగా రీలోడ్‌తో ఎక్కదు, ఆస్టరిస్క్‌ని రీస్టార్ట్ చేయాలి. ఈ ముక్క కోర్సులో ఎక్కడా లేదు. అక్కడి ల్యాబ్‌లో జవాబు పంపగానే సర్వర్ మొత్తం దానంతటదే రీస్టార్ట్ అవుతుంది కాబట్టి ఆ అవసరమే తెలియలేదు. నిజమైన క్లయింట్ దగ్గర, కాల్స్ నడుస్తుండగా రీస్టార్ట్ చేయడమంటే ఎంత భయమో వాళ్లు ఒక్క పాఠంలోనైనా చెప్పాల్సింది.

మధ్యాహ్నం భోజనాల వేళ రీస్టార్ట్ చేసి, కొత్త నంబర్‌కి నేనే ఫోన్ చేశాను. ఆ అమ్మాయి అలవాటు ప్రకారం పేరు అడిగి రాసుకుంది. నేను టైమర్ చూస్తూ కూర్చున్నాను. 32 దాటింది. 40 దాటింది. "వయసు చెప్పండి సార్" అంది.

ఇక ఇతర సంగతులు. మొదటి నాలుగు పాఠాలు ఇప్పటికీ పాత చాన్‌సిప్ (పీజేసిప్‌కి ముందు సిప్ పని చూసిన భాగం) పద్ధతిలోనే ఉన్నాయి. 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21లో దాన్ని తీసేశారు కూడా. పాత సర్వర్లు చూసుకునేవాళ్లకి అవి పనికొస్తాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లు నేరుగా ఐదో పాఠానికి వెళ్లొచ్చు. డౌట్స్ క్లాసులు అమెరికా టైమ్‌కి జరుగుతాయి, మనకి రాత్రి పదకొండున్నర. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, నేను రెండింటికే కూర్చోగలిగాను. మన దేశపు నిబంధనల గురించి, ప్రచారం కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లే ఎందుకు వాడాలన్న దాని గురించి ఒక్క ముక్క ఉండదు. అది వేరేచోట తెలుసుకోవాల్సిందే.

నా అసలు బాధ వేరు. వీడియోలు ఎప్పటికీ మనవే, ల్యాబ్‌లు మాత్రం ఏడాదే. కొనేటప్పుడు ఆ తేడాని నేను పట్టించుకోలేదు. నా దృష్టిలో ఈ కోర్సంటే ల్యాబ్‌లే కాబట్టి, ఇప్పుడు నా దగ్గర మిగిలింది సగం కన్నా తక్కువ.

మీకు ఇప్పటికే ఆఫీసులో ఒక సర్వర్ చూసుకునే బాధ్యత ఉంటే, రోజూ ఒక గంట తీరిక దొరికితే, తీసుకోండి. ఇప్పుడే డిగ్రీ ముగించి, అమీర్‌పేటలో పక్కన కూర్చుని చెప్పే సార్ ఉంటేనే నేర్చుకోగలం అనుకునేవాళ్లకి కష్టం కావచ్చు. నాకు సగం ఫీజు కంపెనీ కట్టింది, అది కూడా గుర్తుపెట్టుకోండి. ఇద్దరు సభ్యులకి కలిపి రెన్యూవల్ మీద ఈ నెలాఖరు దాకా తగ్గింపు ఇస్తున్నారు. నేను ఇంకా కట్టలేదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు "సగం నేను వేసుకుంటానన్నా" అన్నాడు.