పదకొండేళ్లు నాతో తిరిగిన ఫోమ్ ముక్క: సీటు ఇన్సర్ట్‌పై ఒక సమీక్ష

స్పోర్ట్స్ కార్ల పందేల్లో ఒకే కారును ఇద్దరో ముగ్గురో నలుగురో వంతులవారీగా నడుపుతారు కాబట్టి ఆ కారులోని సీటు ఏ ఒక్కరి సొంతమూ కాదని అంటారు. అందులో సగమే నిజమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సీటు ఎప్పుడూ జట్టులోని పొడవైన మనిషిదే. మిగిలినవాళ్లు ఆ సీటులో అద్దెకుంటారు.

నా ఎత్తు 158 సెంటీమీటర్లు. ఇన్నేళ్లలో నాతో కారు పంచుకున్న సహ డ్రైవర్లలో అందరికంటే పొట్టివాడు నాకన్నా జానెడు పొడవు. ఇప్పటి జీటీ3 కార్లలో, అంటే రోడ్డు మీది స్పోర్ట్స్ కార్ల నమూనాతో పందేలకోసం చేసినవాటిలో, చాలావాటికి సీటు చట్రానికి బిగించేసి ఉంటుంది, పెడళ్లూ స్టీరింగూ మాత్రం ముందుకూ వెనక్కూ జరుగుతాయి. కాళ్లు అందని చిక్కు దీంతో తీరిపోతుందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. కాలు అందడం వేరు, నడుము ఆనడం వేరు. ఆ గట్టి సీటు లోపలి వెడల్పు, భుజాల దగ్గరి ఎత్తు, కళ్లు రోడ్డును చూసే మట్టం అన్నీ ఆ పొడవైన మనిషి కొలతలతోనే ఉండిపోతాయి. ఆ ఖాళీని నింపడానికి నా ఒంటిని అచ్చుగా పెట్టి పోసిన ఫోమ్ ముక్క గురించే ఈ సమీక్ష. దాన్ని ఏ రసాయనాలతో పోస్తారో, పైన ఏ గుడ్డ తొడుగుతారో ఈ రంగంలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇన్సర్ట్ రాకముందు రెండు సీజన్లు నేను మడిచిన స్పాంజి పలకలూ, చుట్టిన తువ్వాలూ పెట్టుకొని నడిపాను. నాకు మంచి పేరే ఉండేది: మొదటి గంటలో చురుకైనది, తర్వాత నీరసపడుతుంది అని. ఆ మాటను నేనూ నమ్మాను. వ్యాయామం పెంచాను, మెడకు బరువులు కట్టి సాధన చేశాను, తిండి మార్చాను. చివరికి ఒక ఇంజనీరు నా బ్రేకు పీడనం గీతనూ నా సహ డ్రైవరు గీతనూ ఒకదానిమీద ఒకటి వేసి చూపించినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఈ కార్లలో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంటుంది గానీ ఇంటి కారులో ఉన్నట్టు పెడల్‌కు సాయం ఉండదు, కాలి బలమంతా పెట్టి తొక్కవలసిందే. అతని గీత గోడలా నిటారుగా లేచింది. నా గీత లేచి, మధ్యలో ఒక చిన్న మెట్టు దిగి, మళ్లీ లేచింది. ఆ మెట్టు దగ్గర నేను చేస్తున్నది బ్రేకు తొక్కడం కాదు, పెడల్‌ను తొక్కిన బలానికి నా నడుమే వెనక్కి జరిగి సీటును వెతుక్కోవడం. గంటకు కొన్ని వందల సార్లు అలా జరిగే మనిషి రెండో గంటలో నీరసపడక ఏం చేస్తుంది?

ఆ వారమే మొదటి ఇన్సర్ట్ పోయించుకున్నాను. అప్పుడు ఒక తప్పు చేశాను. హెల్మెట్టూ, మెడను కాపాడే హాన్స్ కాలరూ, గ్లవ్సూ అన్నీ వేసుకున్నాను గానీ, ఫోమ్ పొంగుతూ వీపు వెనక వెచ్చగా పాకుతున్నంతసేపూ హాయిగా వెనక్కి వాలి కూర్చున్నాను. ఫోమ్ ఆ హాయినే అచ్చు పోసింది. పందెంలో తొక్కినంత గట్టిగా పెడల్‌ను తొక్కిపట్టి, స్టీరింగ్ మీద చేతులు బిగించి కూర్చోవాలని రెండోసారి పోయించుకున్నప్పుడు గాని తెలియలేదు. అయినా, అంత లోపంతో ఉన్న ఆ మొదటి ముక్కే నా జీవితాన్ని మార్చిందని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. గీతలో మెట్టు పోయింది. కుడి తుంటి ఎముక మీద ఏడాది పొడుగునా ఉండే నల్లటి మచ్చ పోయింది. నా మూడో గంట నా మొదటి గంటను పోలి ఉండటం మొదలైంది.

భుజం బెల్టుల సంగతి నేను ఊహించని లాభం. పొడవైన మనిషికని కోసిన సీటు రంధ్రాలు నా భుజాలకంటే పైన ఉండేవి. బెల్టులు నా భుజం మీద ఆనకుండా పైకి లేచి వెళ్లిపోయేవి. హాన్స్ కాలరు మెడను కాపాడాలంటే ఆ బెల్టులు దాన్ని భుజం మీదకు గట్టిగా అణచిపట్టాలి. హాన్స్‌ను రూపొందించిన ఇద్దరిలో రాబర్ట్ హబ్బర్డ్ బయోమెకానిక్స్ ఆచార్యుడు, జిమ్ డౌనింగ్ స్వయంగా స్పోర్ట్స్ కార్ల రేసరు. అంత ఆలోచనతో చేసిన పరికరం నా మెడ చుట్టూ రెండు సీజన్లపాటు సగం అలంకారంగా తిరిగింది. ఇన్సర్ట్ నన్ను పైకి ఎత్తాక బెల్టులు భుజాన్ని తాకాయి.

ఇక ఆ రాత్రి సంగతి. ఒక 24 గంటల పందెం, అర్ధరాత్రి దాటిన వేళ, మా తరగతి కార్లలో మేము మూడో స్థానంలో ఉన్నాము. డ్రైవరు మార్పిడిలో మా పద్ధతి ఏమిటంటే, దిగేవాడు బకిల్ తిప్పి బెల్టులు పక్కలకు విసిరి బయటికి దూకుతాడు, నేను ఇన్సర్ట్‌ను రెండు చేతులతో సీటులోకి దింపి దానిమీద కూర్చుంటాను, అతను వంగి నా భుజం బెల్టులు అందిస్తాడు. తొడల మధ్యనుంచి పైకి వచ్చే రెండు పట్టీలకోసం ఇన్సర్ట్ అడుగు ముందు భాగంలో రెండు గాళ్లు కోసి ఉంటాయి. ఆ సాయంత్రం ఎవరో, నిజంగా మంచి మనసుతోనే, ఎడమ గాడి అంచు దగ్గర గుడ్డ చిరిగి ఉండటం చూసి దానికి టేపు చుట్టారు. టేపు మందంతో గాడి ఇరుకైంది. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ చూసుకోలేదు.

కూర్చోగానే కుడి పట్టీ చేతికి వచ్చింది, ఎడమ పట్టీ రాలేదు. అది నా కిందే ఉండిపోయింది. పెట్రోలు గొట్టం ఇంకా తగిలించే ఉంది, కిటికీ అవతల ఎవరో వేళ్లతో సెకన్లు లెక్క చూపిస్తున్నారు. నా సహ డ్రైవరు ఇన్సర్ట్ ముందు అంచును పట్టుకొని బలంగా పైకి లాగాడు. పట్టీ బయటికి వచ్చింది, బకిల్‌లో చప్పుడుతో దిగింది, తలుపు మూసుకుంది, కారు కిందకు దిగింది, నేను వెళ్లిపోయాను. అయితే అతను లాగినప్పుడు పైకి లేచిన ఇన్సర్ట్ ఎడమ పక్క మళ్లీ తన చోటులోకి దిగలేదు. రెండు వేళ్ల ఎత్తున లేచే ఉంది. నడుము బెల్టు నా తుంటి ఎముక మీద ఆనడానికి బదులు ఆ లేచిన అంచు మీద ఆనింది.

మొదటి పెద్ద బ్రేకింగు దగ్గర నేను బెల్టు కిందికి జారాను. కొంచెమే, అంగుళమో అంతకు తక్కువో. కానీ ఆ వేగంలో మనిషి బెల్టు కిందికి జారడం అంటే ఏమిటో మాకు నేర్పేటప్పుడే చెబుతారు: ప్రమాదం జరిగితే బెల్టు ఎముకను కాక పొట్టను పట్టుకుంటుంది. తిన్నటి దారిలో ఒక చేత్తో బెల్టు బిగించి చూశాను. బిగిసినట్టే అనిపించి, తర్వాతి మలుపులో మళ్లీ వదులైంది.

నేను మూడు ల్యాపులు నోరు విప్పలేదు.

ఇది ఫోమ్ సమీక్ష కదా, ఈ మాట ఎందుకని మీరు అడగవచ్చు. ఆ ముక్కతో నాకున్న పేచీ అంతా అక్కడే ఉంది కాబట్టి చెబుతున్నాను. కారులో ఇంకేది వదులైనా అది కారు లోపం, వెంటనే చెప్పేస్తాము. ఇన్సర్ట్ వదులైతే అది నా లోపంలా వినబడుతుంది, ఎందుకంటే అది ఆ కారులో నాకోసం మాత్రమే పెట్టిన అదనపు వస్తువు. 1956లో రీమ్స్ 12 గంటల పందెంలో ఫ్రెంచ్ డ్రైవరు ఆనీ బూస్కే మరణించాక, ఫ్రాన్స్‌లో జరిగే పేరున్న 24 గంటల పందెం లె మాన్స్ నిర్వాహకులు మహిళా డ్రైవర్లకు తలుపు మూశారు. 1971లో మారీ-క్లోద్ బోమోన్ వచ్చేదాకా అది తెరుచుకోలేదు. అదే లె మాన్స్‌లో 1932లోనే ఓడెట్ సికో మొత్తం మీద నాలుగో స్థానంలో నిలిచిన విషయం ఎవరికీ అడ్డు రాలేదు. ఒకరి ప్రమాదాన్ని ఆడవాళ్లందరి పద్దులో రాసిన ఈ చరిత్ర తెలిసిన మనిషి రేడియోలో "నావల్ల కావడం లేదు" అనడానికి ముందు మూడు ల్యాపులు ఆలోచిస్తే అందులో వింత లేదు. మంచిదని కూడా నేను అనను.

చివరికి చెప్పాను. తర్వాతి పెట్రోలు ఆగుదలదాకా, అంటే ఇంకో నలభై నిమిషాలు, సర్దుకోగలరా అని రేడియోలో అడిగారు. సర్దుకోలేనని చెప్పి ఆ ల్యాపులోనే పిట్‌లోకి, అంటే జట్టు కారును చూసుకునే చోటికి, వచ్చేశాను. ఇన్సర్ట్ బయటికి తీసి, టేపు చింపి, మళ్లీ పెట్టి, బెల్టులు కట్టేసరికి ఒక ల్యాపు పోయింది. పందెం ముగిసేసరికి మేము ఐదో స్థానంలో ఉన్నాము. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకు నాకు ఇప్పటికీ సరిగా అర్థం కాని కోపం ఒకటి ఉంది.

ఆ రాత్రి తర్వాత ఈ వస్తువును మునుపటిలా పొగడలేకపోతున్నాను. మూడో గంట మొదటి గంటలా ఉంటుందని పైన రాశాను. చల్లని వాతావరణంలో అది నిజం. ఎండాకాలం మధ్యాహ్నం వంతు పడితే ఫోమ్ వీపు వేడిని ఎటూ పోనివ్వదు, చెమట గుడ్డలో ఇంకి, రెండో వంతుకు తడి ఇన్సర్ట్ మీదనే కూర్చోవాలి. చల్లని నీరు తిరిగే చొక్కా వేసుకుంటే దాని గొట్టాలకు ఇన్సర్ట్‌లో చోటు ముందే ఆలోచించుకొని ఉండాలి, లేకపోతే ఒక గొట్టం వెన్నెముక పక్కన గులకరాయిలా గుచ్చుకుంటూనే ఉంటుంది. పొట్టి మనుషుల బెంగ అంతా ఎత్తు గురించే గానీ, దాన్ని ఇష్టమొచ్చినంత పెంచుకోవడానికీ వీల్లేదు. సీటుకూ మనిషికీ మధ్య మెత్త మందం 50 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ నిబంధన. ఆ నిబంధన సబబైనదే. మందం పెరిగినకొద్దీ ప్రమాదంలో అది అణగిపోతుంది, అణగినంత మేరా బెల్టు వదులవుతుంది. అందువల్ల కొన్ని కార్లలో ఇన్సర్ట్ మీద కూర్చున్నా నా చూపు స్టీరింగ్ పై అంచుకు కాస్త మీదుగానే సాగుతుంది, బానెట్ చివర ఎక్కడుందో అలవాటుతో తెలుసుకోవలసిందే.

ఇంకొకటి, ఏ ప్రచార పత్రంలోనూ రాయనిది. ఫోమ్ మారదు, ఒళ్లు మారుతుంది. బిడ్డ పుట్టాక తిరిగి కారు పరీక్షలకు వెళ్లిన మొదటి రోజు నా పాత ఇన్సర్ట్‌లోకి దిగితే తుంటి రెండు పక్కలా నొక్కింది, నడుము దగ్గర చెయ్యి దూరేంత ఖాళీ మిగిలింది. బరువు చూస్తే పాతదే. ఎముకలే తమ చోటు మార్చుకున్నాయి. మెకానిక్ కుర్రవాడు పక్కలు కాస్త గీకేద్దామా అని అడిగాడు. వద్దన్నాను, అయిదారు నిమిషాలు ఆ బిగుతులోనే కూర్చున్నాను. తర్వాత దాన్ని దాచి పెట్టమని చెప్పి కొత్తది పోయించుకున్నాను. ఇప్పుడు నా దగ్గర మూడు ఉన్నాయి, గదిలో గోడకు ఆనించి వరసగా. మొదటిదాని వీపు భాగం ఎంత వంకరగా ఉందో చూస్తే నవ్వు వస్తుంది.

కొనాలా, పోయించుకోవాలా అని అడిగేవారికి నా జవాబు నా పరిస్థితిని బట్టే ఉంటుంది. నాకంటే బాగా పొడవైన మగవాళ్లతో, ఎక్కువగా జీటీ కార్లలో, ఎక్కువగా సుదీర్ఘ పందేల్లో నడిపాను కాబట్టి ఇది లేకుండా నా వృత్తి ఉండేది కాదు. మగవాళ్లతో కారు పంచుకొని పైకి వచ్చినవారు ఉన్నారు. 2016, 2017 సంవత్సరాల్లో వరసగా అమెరికా స్పోర్ట్స్ కార్ల పోటీ ఐఎంఎస్ఏలో జీటీడీ తరగతి డ్రైవర్ల టైటిల్ గెలిచిన క్రిస్టినా నీల్సన్ పక్కన ఉన్నది అలెస్సాండ్రో బాల్జాన్. 2023లో బహ్రెయిన్ 8 గంటల పందెంలో సారా బోవీ, రాహెల్ ఫ్రే, మిషెల్ గాటింగ్ జీటీఈ ఆమ్ అనే జీటీ కార్ల తరగతిని గెలిచినట్టు ముగ్గురూ మహిళలే ఉన్న జట్టులో నేను ఎన్నడూ నడపలేదు. అటువంటి జట్టులో కొలతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే సీటు సగం పని తానే చేస్తుందేమో, అప్పుడు ఇంత మందపు ముక్క అవసరం రాకపోవచ్చు. పొట్టి పందేలు నడిపేవారూ, కారులో ఒక్కరే కూర్చునేవారూ సరైన సైజు సీటు బిగించుకుంటే చాలు, దీని జోలికి రానక్కరలేదు.

పోయించుకునేవారు మాత్రం గాళ్లను వాళ్లు కోసి ఇచ్చిన దానికంటే రెండు వేళ్లు వెడల్పుగా కోయించుకోండి. నా మూడోదానికి నేనే కోసుకున్నాను. రంపపు కత్తి అలవాటు లేక ఎడమది వంకర పోయింది, అంచు దగ్గర ఫోమ్ రేణువులు ఇప్పటికీ రాలుతూ సూటుకు అంటుకుంటాయి. టేపు వేస్తామని ప్రతి పందేనికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. నేను ఇంతవరకు ఎవరినీ వేయనివ్వలేదు.