పింగ్‌కి పలకని సర్వర్లకు నెట్‌క్యాట్: ఏళ్ల తరబడి వాడాక

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కాటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని తిరుపతి నుంచి చూసుకుంటాను. సర్వర్లు ముంబై క్లౌడ్‌లో ఉంటాయి. అవి అందుతున్నాయో లేదో చూడటానికి నేను చాలా ఏళ్లుగా నమ్ముకున్నది నెట్‌క్యాట్‌ని. 1995లో వచ్చిన చిన్న ప్రోగ్రామ్ ఇది, టెర్మినల్లో ఎన్‌సీ అని కొడితే చాలు.

సర్వర్ పలుకుతోందో లేదో చూసే మామూలు కమాండ్ పింగ్. అది ఎందుకు చాలదంటే, ఐసీఎంపీ అనే వేరే ప్రోటోకాల్ మీద నడుస్తుంది. అమెజాన్ క్లౌడ్‌లో కొత్తగా పెట్టిన సెక్యూరిటీ గ్రూప్ (సర్వర్ ముందుండే ఫైర్‌వాల్, అంటే రాకపోకల్ని వడగట్టే కాపలా) బయటి నుంచి దేన్నీ లోపలికి రానివ్వదు. మనం వెబ్ కోసం 443 పోర్టు (ఒక్కో సేవకీ నంబరుతో ఉండే ద్వారం) తెరుస్తాం, ఐసీఎంపీ జోలికి పోం. ఇక సర్వర్ నిక్షేపంగా పనిచేస్తున్నా పింగ్ మాత్రం 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అంటుంది. తోతాపురి సీజన్లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు, కాటా దగ్గర కుర్రాడు "సర్వర్ పడిపోయిందన్నా, పింగ్ రావడం లేదు" అని ఫోన్ చేస్తే ఎవరికైనా టెన్షనే. ఆ మాట పట్టుకుని రీస్టార్ట్ కొడితే నడుస్తున్న బిల్లులూ ఆగిపోతాయి.

నెట్‌క్యాట్‌కి జెడ్, వీ ఆప్షన్లతో సర్వర్ పేరు, పోర్టు నంబరు ఇస్తే సంగతి బయటపడుతుంది. 'సక్సీడెడ్' అని వస్తే పోర్టు తెరిచే ఉంది. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' చూసి చాలామంది కంగారు పడతారు గానీ, నాకది సగం శుభవార్త. అవతలి నుంచి రీసెట్ ప్యాకెట్, అంటే 'కనెక్షన్ ఇవ్వను' అనే జవాబు, తిరిగొచ్చిందంటే దారి బాగుంది, మెషీన్ లేచే ఉంది, ఆగింది అప్లికేషన్ మాత్రమే. మధ్యలోని ఫైర్‌వాల్‌ని కూడా రీసెట్ పంపేలా పెట్టొచ్చు, ఆ సంగతి మాత్రం ముందే తెలుసుకుని ఉండాలి. ఏ జవాబూ రాకుండా టైమవుట్ అయితేనే అసలు చిక్కు. ఫైర్‌వాల్ ప్యాకెట్లని మింగేస్తోందో, మెషీనే పడుకుందో అక్కడ తేలదు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ నుంచి అదే పోర్టుని మళ్లీ చూస్తాను, తర్వాతే క్లౌడ్ కన్సోల్ తెరుస్తాను.

లోపాలూ ఉన్నాయి. డబ్ల్యూ ఆప్షన్‌తో మూడు సెకన్లో ఐదు సెకన్లో గడువు పెట్టకపోతే లినక్స్‌లో రెండు నిమిషాలకు పైగా కూర్చోబెడుతుంది. సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ తొలి విడుదలలతో వచ్చిన ఎన్‌క్యాట్‌లో (నెట్‌క్యాట్‌కి మరో రూపం) జెడ్ ఆప్షనే లేదు. కనెక్షన్ కలపకుండానే ప్యాకెట్లు పంపే యూడీపీ పోర్టుల విషయంలో దీన్ని అస్సలు నమ్మను: అవతలి నుంచి ఏమీ రాకపోయినా తెరిచే ఉందని చెప్పేస్తుంది.

ఇంకొకటి, పోర్టు తెరిచి ఉన్నంత మాత్రాన అప్లికేషన్ పనిచేస్తున్నట్టు కాదు. కనెక్షన్ కలిపేది ఆపరేటింగ్ సిస్టమ్, లోపల ప్రోగ్రామ్ బిగుసుకుపోయినా 'సక్సీడెడ్' వస్తుంది. అందుకే వెంటనే వెబ్ పేజీలు తెచ్చే కర్ల్ అనే కమాండ్‌తో ఒక పేజీ అడిగి చూస్తాను.

ఫ్యాక్టరీల్లో ఉన్నవి విండోస్ కంప్యూటర్లు. అక్కడివాళ్లకి విండోస్‌తోనే వచ్చే పవర్‌షెల్‌లో, పోర్టు తెరిచి ఉందో చూసే టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్ నేర్పాను. ఫెయిలైనప్పుడు తేల్చడానికి చాలాసేపు తీసుకుంటుంది గానీ, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.