బేరాల ఎక్స్‌పెరిమెంట్లకి ఓట్రీ ఎలా ఉంది

ఆన్‌లైన్లో ఇద్దరి మధ్య రౌండ్ తర్వాత రౌండ్ బేరం నడిపే ఎకనామిక్స్ ఎక్స్‌పెరిమెంట్ చెయ్యాలంటే నేనైతే ఓట్రీ (oTree) అనే సాఫ్ట్‌వేరే వాడమంటా. ఓపెన్ సోర్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకోవచ్చు, లింక్ పంపితే ఫోన్ బ్రౌజర్లో కూడా ఆడేస్తారు, ఇలాంటి పనికే వాడే పాత సాఫ్ట్‌వేర్ జెడ్‌ట్రీకి (z-Tree) లాగా విండోస్ మెషీన్లున్న ల్యాబ్ అక్కర్లేదు.

అసలు నాకు ప్రాణం లైవ్ పేజీలు. ఒకళ్ళు "నాకు 60, నీకు 40" అని పంపగానే రీలోడ్ లేకుండానే అవతలి స్క్రీన్ మీద పడుతుంది, వాళ్ళు 55 అంటే అదీ అంతే, సంతలో బేరంలా చకచకా సాగిపోద్ది. ప్రతి ఆఫర్నీ ఎక్స్‌ట్రా మోడల్లో (అదనపు డేటా దాచుకునే టేబుల్) సేవ్ చేస్కోండి, ఎవరు ఎప్పుడు ఎంత దిగారో తెలుస్తుంది, కానీ కస్టమ్ ఎక్స్‌పోర్ట్ అనే ఫంక్షన్ మనమే రాస్తేనే అవి డౌన్‌లోడ్‌లోకి వస్తాయి.

రౌండ్ల సంఖ్య మాత్రం ముందే ఫిక్స్ చెయ్యాలి, ఎప్పుడాగుతుందో తెలీని ఆటైతే పెద్ద నంబరిచ్చి, బేరం తెగాక మిగతా పేజీలు కనపడకుండా చెయ్యాలి, కొత్తవాళ్ళకి ఇది తికమకే. ఇంకోటి, మధ్యలో ఒకరు వదిలేసి పోతే రెండో మనిషి వెయిట్ పేజీలో (అవతలివాళ్ళ కోసం ఆగే పేజీ) ఇరుక్కుపోతారు పాపం, వాళ్ళ టైమూ విలువైందే కదా, అందుకే ప్రతి పేజీకీ టైమౌట్ పెట్టి, అది అయిపోతే ఏం జరగాలో కూడా రాయండి. వచ్చిన వరసలో జతలు కలపడం ఒకటో రౌండ్లో పెడితే చాలు, తర్వాత అవే జతలు కొనసాగుతాయి. లాంచ్‌కి ముందు బాట్లతో (మనుషుల బదులు ఆడే ప్రోగ్రామ్‌లు) టెస్ట్ చెయ్యడం మానొద్దు.