సాయం గ్రూపు నడపడానికి ఏది మేలు: వాట్సాపా, టెలిగ్రామా, షీటా, యాపా?

ఇరుగుపొరుగు వాళ్లు కలిసి సాయం గ్రూపు పెట్టుకున్న చోటల్లా కొన్నాళ్లకి ఇదే ప్రశ్న వస్తోంది. "వాట్సాప్‌లో ముఖ్యమైన మెసేజ్‌లు కిందికి పోతున్నాయి. టెలిగ్రామ్‌కి మారితే బాగుంటుందా? ఏదైనా యాప్ పెట్టుకోవాలా?" అని చాలామంది అడుగుతున్నారు. పెద్దవాళ్లకి మందులు తెచ్చివ్వడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, రక్తదాతల్ని వెతకడం, పాడైన రోడ్డు గురించి అధికారుల వెంటపడటం లాంటి పనులు చేసే బృందాల కోసం ఇది రాస్తున్నాను. కేవలం కబుర్ల కోసం పెట్టుకున్న గ్రూపుకి ఇంత ఆలోచన అక్కర్లేదు.

వాట్సాప్‌కి ఉన్న అసలు బలం, అది ముందే అందరి ఫోన్లలో ఉండటం. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఒక గ్రూపులో 1024 మంది వరకు ఉండొచ్చు. 2022లో వచ్చిన కమ్యూనిటీ సదుపాయంతో చిన్న చిన్న గ్రూపులన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చి, ప్రకటనలకి విడిగా ఒక చోటు పెట్టుకోవచ్చు. ఇబ్బంది ఏమిటంటే, మామూలు గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనపడతాయి. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు గ్రూపులో సాయం అడగడానికి వెనకాడతారంటే ఇది కూడా ఒక కారణమే.

టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. గ్రూపులో రెండు లక్షల మంది పడతారు. కొత్తగా చేరినవాళ్లు పాత సంభాషణ అంతా చదువుకునేలా పెట్టొచ్చు. టాపిక్స్ వాడితే మందుల సంగతి ఒక వరసలో, రోడ్ల సంగతి ఇంకో వరసలో నడుస్తుంది. ఇన్ని ఉన్నా మామూలు టెలిగ్రామ్ గ్రూపులకి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని ఏర్పాటు) లేదు. వాట్సాప్‌కి అది 2016 నుంచీ ఉంది. ఎవరికి ఏ జబ్బో, ఎవరింట్లో ఏం కష్టమో మాట్లాడుకునే చోట దీన్ని చిన్న తేడాగా తీసుకోలేను. పైగా ఎవరి కోసం ఇదంతా చేస్తున్నామో ఆ పెద్దవాళ్లని ఇంకో యాప్ వేసుకోమనడం కష్టం. ఈ రెండిట్లోనే ఒకటి ఎంచుకోవాలంటే నేను వాట్సాపే అంటాను.

అయితే దీనికి మారినా దానికి మారినా అసలు సమస్య అలాగే ఉంటుంది. ఒక సాయం అడిగాక, ఆ పని ఎవరు తీసుకున్నారు, ఎంతవరకు వచ్చింది, అయిపోయిందా అనేది చూసిన వెంటనే తెలియాలి. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదొక్కటే. చాట్ గ్రూపుల్లో సరిగ్గా ఇదే కనపడదు.

1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్ని వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకులో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు శబ్దాలు వినిపించారు. ఆ మాటలు వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ శబ్దాలు ఆగేలోపే సాయం కోసం లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో అలా లేచినవాళ్లు 31 శాతమే. వాళ్లు మనసులేని వాళ్లేం కాదు. ఇంకొకరు ఈపాటికే వెళ్లి ఉంటారనుకున్నారు, అంతే. ఐదుగురికే ఇలా ఉంటే, మూడు వందల మంది ఉన్న గ్రూపులో "రేపు పొద్దున నాన్నగారిని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి, ఎవరైనా రాగలరా?" అన్న మెసేజ్ గతేమిటో చెప్పక్కర్లేదు. అందరూ చూస్తారు, చాలామంది దండం ఎమోజీ పెడతారు, అడిగిన మనిషి మాత్రం రాత్రంతా టెన్షన్ పడుతూ ఫోన్ చూసుకుంటూ ఉంటారు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. ఒకరు అడిగితే నలుగురు బయల్దేరతారు, అదే సమయంలో అడిగిన ఇంకొకరిని ఎవరూ పట్టించుకోరు. 2018 ఆగస్టులో కేరళ వరదలప్పుడు అప్పటికే బయటపడ్డ వాళ్ల అడ్రసులు కూడా వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటే, వాలంటీర్లు ఒక్కొక్క నంబరుకీ ఫోన్ చేసి సరిచూసుకోవాల్సి వచ్చింది. 2021 వేసవిలో కోవిడ్ రెండో దశలో ఆక్సిజన్, పడకల సమాచారం వేలకొద్దీ మెసేజ్‌లుగా తిరిగింది. వాటిలో ఎక్కువగా పనికొచ్చినవి, "ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాం" అంటూ ఫలానా టైము అని పక్కన రాసి ఉన్నవి. తారీకు లేని రక్తదానం మెసేజ్ అవసరం తీరి ఎన్నాళ్లయినా తిరుగుతూనే ఉంటుంది. ఫార్వర్డ్‌లకి వాట్సాప్ పెట్టిన పరిమితులు ఆ వేగాన్ని తగ్గించగలవు గానీ, లేని తారీకుని తెచ్చి పెట్టలేవు.

అందుకే ఈమధ్య మా బృందం కోసం ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు నేను గట్టిగా చెప్పింది షీట్ గురించే. మామూలు గూగుల్ షీట్, అంటే ఆన్‌లైన్‌లో అందరూ కలిసి నింపుకునే పట్టిక, చాలు. అడిగిన తారీకు, అవసరం ఏమిటి, ఎప్పటిలోగా కావాలి, ఎవరు తీసుకున్నారు, చివరిసారి ఎప్పుడు కనుక్కున్నాం, అయిందా లేదా అనే గడులుంటే చాలు. "ఎవరు తీసుకున్నారు" అన్న గడి ఖాళీగా ఉంటే అందరికీ తెలిసిపోతుంది. పేరు రాసుకున్నాక అది ఇక మూడు వందల మంది పని కాదు, ఒక్క మనిషి పని. చేయలేకపోతే సిగ్గుపడకుండా పేరు తీసేయొచ్చని ముందే చెప్పాలి. మొహమాటానికి పేరు ఉంచేసుకుంటే ఆ వరస నిండినట్టే కనపడుతుంది, సాయం మాత్రం అందదు.

షీట్ ఒక్కటీ పెడితే అదీ నడవదు. దాన్ని చూసే మనిషి కావాలి. ఆ వారం వంతు ఎవరిదో వాళ్లు పొద్దున, సాయంత్రం షీట్ తెరిచి, ఖాళీగా ఉన్న వరసలకి మనుషుల్ని అడగాలి. అడగడం కూడా గ్రూపులో కాదు, పేరుపెట్టి, ఫోన్ చేసి. "రేపు మీరు వెళ్లగలరా అక్కా?" అని అడిగితే వచ్చే జవాబు, "ఎవరైనా వెళ్లగలరా?" అంటే రాదు. ఈ వంతు ఒక్కరి మీదే పడితే వాళ్లు త్వరగా అలిసిపోతారు, కాబట్టి వారం వారం మార్చుకోవడం తప్పనిసరి.

షీట్‌తో ఇంకో పని కూడా జరుగుతుంది. చాట్ అయినా యాప్ అయినా, ఎవరో ఒకరు అడిగితేనే కదులుతుంది. బాగా అవసరమైనవాళ్లు చాలాసార్లు అడగరు. 1995 జులైలో షికాగోలో వచ్చిన వేడిగాలులకి 700 మందికి పైగా చనిపోయారు. ఒంటరిగా ఉండే వృద్ధులు వాళ్లలో ఎక్కువ. ఆ మరణాలను అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్, పేదరికం విషయంలో పెద్ద తేడా లేని పక్కపక్క పేటల మధ్య కూడా మరణాల్లో చాలా తేడా ఉందని చూపించారు. దుకాణాలూ జనసంచారమూ ఉండి, మనుషులు గడప దాటి బయటికి వచ్చే పేట మెరుగ్గా తట్టుకుంది. ఒంటరిగా ఉండేవాళ్ల పేర్లతో షీట్‌లో ఇంకో పేజీ పెట్టుకుని, ఎండలు ముదిరినప్పుడో వానలు ఆగకుండా కురుస్తున్నప్పుడో మనమే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగొచ్చు. వాళ్లు ఏమీ అడగకపోయినా సరే. నా లెక్కలో బృందం పెట్టుకున్నందుకు చేయగలిగిన పనుల్లో దీన్ని మించింది లేదు.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకి ఫోన్ గొలుసు ఇప్పటికీ పనికొస్తుంది. ఒకరు ఐదుగురికి, ఆ ఐదుగురూ తలా ఐదుగురికి చేస్తూ వెళ్తే మూడు విడతల్లో 155 మందికి కబురు అందుతుంది. ఎస్సెమ్మెస్ అయితే ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు, తెలుగులో 70 మాత్రమే పడతాయి. అడ్రసు పూర్తిగా రాసేసరికే అయిపోతుంది.

ఇక యాప్‌ల సంగతి. రోడ్లు, వీధిదీపాలు, చెత్త లాంటి పౌర సమస్యలకైతే షీట్ కంటే ఫిర్యాదుల వెబ్‌సైట్ మేలు. బ్రిటన్‌లో 2007 నుంచి నడుస్తున్న ఫిక్స్‌మైస్ట్రీట్ దీనికి మంచి నమూనా. మ్యాప్ మీద గుంత ఎక్కడుందో చూపిస్తే ఫిర్యాదు ఆ ప్రాంతపు కౌన్సిల్‌కి, అంటే అక్కడి స్థానిక సంస్థకి, వెళ్తుంది. అది అందరికీ కనపడుతుంది కాబట్టి పక్కింటివాళ్లు మళ్లీ అదే ఫిర్యాదు పెట్టక్కర్లేదు. కొన్ని వారాల తర్వాత, సమస్య తీరిందా అని ఫిర్యాదు చేసినవాళ్లనే అడుగుతుంది. పని అయిందో లేదో చెప్పే మాట అధికారులకి వదిలేయకుండా, ఆ గుంత పక్కన నడిచే మనిషికి ఇచ్చారు. మీ ఊరి ఫిర్యాదుల యాప్‌లో "పరిష్కరించాం" అని ఎవరు నొక్కుతున్నారో ఒకసారి చూడండి. ఆ పని ఫిర్యాదుదారు చేతిలో లేకపోతే, మీ షీట్‌లో ఫిర్యాదు నంబరు రాసుకుని, ఫొటోతో సహా మీరే వెంటపడాలి. మందులు, తోడు వెళ్లడం లాంటి ఇంటి కష్టాలకి మాత్రం ప్రత్యేక యాప్ పెట్టమని నేను చెప్పను. అది నడిపే సంస్థ మూసేస్తే మీ సమాచారమంతా దానితోనే పోతుంది. షీట్ అయితే ఎప్పుడు కావాలన్నా దించుకోవచ్చు.

మిగతావి క్లుప్తంగా చెప్పేస్తాను. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ గోప్యతకి చాలా మంచిది, గ్రూపులో 1000 మంది పడతారు, కానీ అందరూ అందులో ఉండరు. ఈమెయిల్ గ్రూపు పెద్ద చర్చలకి బాగుంటుంది, అర్జంటు పనులకి కాదు. ఫేస్‌బుక్ పేజీ బయటివాళ్లకి మన గురించి చెప్పడానికి చాలు.

కాబట్టి ఇప్పుడు వాట్సాప్‌లో ఉన్న బృందం దాన్ని వదలక్కర్లేదు. ప్రకటనలు అక్కడ, పనులు షీట్‌లో. షీట్ లింకును మాత్రం "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని పెట్టకండి. పేరు, అడ్రసు, జబ్బు వివరాలు ఆ వారం వంతు చూసేవాళ్ల దగ్గరే ఉండాలి. బృందంలో అందరూ చూసే వరసలో "పెద్దాయన, బీపీ మందులు, బుధవారంలోగా" అని ఉంటే సరిపోతుంది, పూర్తి వివరాలు పని తీసుకున్నవాళ్లకి ఫోన్‌లో చెప్పొచ్చు. పని పూర్తయిన వరసల్లోని వివరాల్ని నెల తిరిగేసరికి తుడిచేసి, ఎన్ని అడిగారు, ఎన్ని తీర్చగలిగాం అన్న లెక్క మాత్రం ఉంచుకోండి.