హార్బర్ బాగుపడాలంటే ఏది మేలు: చెత్త ఏరడమా, ఆల్చిప్పలు పెంచడమా, మురుగు గొట్టం వెంటపడడమా?

"మేం ఒక పది పదిహేను మందిమి ఉన్నాం, ఆదివారాలు ఖాళీయే, మా హార్బర్‌ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది, ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు?" ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో సగం మంది జవాబు ముందే మనసులో పెట్టుకుని ఉంటారు, అది కాదంటే చిన్నబుచ్చుకుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టి తూకం వేస్తున్నాను. నా మొగ్గు ఎటో మాత్రం దాచలేను.

హార్బర్ కాలుష్యం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో కనీసం మూడున్నాయి. పైన తేలే చెత్త, నీళ్లలో కలిసిపోయిన మురుగు, అడుగు బురదలో ఏళ్ల తరబడి పేరుకున్న ఫ్యాక్టరీల విషం. మొదటిది కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరి చేతులూ అటే పోతాయి. ఒంటికి జబ్బులు తెచ్చేది, నీళ్లలో ఆక్సిజన్ మింగేసి చేపల్ని చంపేది ఎక్కువగా రెండోది. అందుకని ఏ పద్ధతి గురించి విన్నా నేను ముందు చూసేది ఒక్కటే: దీనివల్ల హార్బర్‌లోకి వచ్చిపడేది తగ్గుతుందా, లేక వచ్చినదాన్ని తీసి ఒడ్డున పెట్టడమేనా?

ఆ లెక్కన చెత్త ఏరడానికి పెద్ద మార్కులు పడవు. పాటు వేళ, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, గ్లౌజులు వేసుకుని దిగి బస్తాలు నింపుతాం, ఫొటోలు దిగుతాం, నాలుగు చినుకులు పడగానే కాలవలన్నీ మళ్లీ అంత చెత్తా తెచ్చి అక్కడే పోస్తాయి. రెండు మూడు సార్లు ఇలా అయ్యేసరికి వచ్చేవాళ్లు నీరుగారిపోతారు. అలాగని వద్దనను. కొత్తవాళ్లని పోగుచేయడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. కాకపోతే ఏరినదాన్ని లెక్కరాయండి. 1986లో టెక్సాస్ తీరంలో మొదలై ఇప్పుడు ప్రపంచమంతా ఏటా జరిగే తీర శుభ్రత కార్యక్రమం ఇన్నేళ్లు నిలబడిందంటే అందులో బస్తాల పాత్ర కన్నా లెక్కల కాగితాల పాత్రే ఎక్కువ. సీసా మూతలెన్ని, సిగరెట్ పీకలెన్ని, థర్మకోల్ డబ్బాలెన్ని అని రాసిపెట్టుకుంటే రేపు ఎవరి ముందైనా పెట్టడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. లెక్క లేని చెత్త ఎంత ఏరినా చెత్తబుట్టలోకే పోతుంది.

ఇదే పనిని యంత్రంతో చేయించడం అమెరికాలోని బాల్టిమోర్ వాళ్ల దారి. 2014 మేలో జోన్స్ ఫాల్స్ అనే వాగు హార్బర్‌లో కలిసేచోట ఒక పెద్ద చక్రం పెట్టారు. వాగు ప్రవాహమే దాన్ని తిప్పుతుంది, ప్రవాహం చాలనప్పుడు సోలార్ పంపులు సాయం చేస్తాయి. తేలే అడ్డుకట్టలు చెత్తనంతా నోటి దగ్గరికి తోస్తాయి, పళ్లెత్తిన చువ్వలు దాన్ని కన్వేయర్ బెల్టు మీదికి ఎక్కిస్తాయి, అది పోయి పెద్ద డబ్బాలో పడుతుంది. దానికి రెండు పెద్ద గుండ్రటి బొమ్మ కళ్లు తగిలించి మిస్టర్ ట్రాష్ వీల్ అని పేరు పెట్టారు. పిల్లలు ఫ్యాన్స్ అయిపోయారు, తర్వాత ఇంకో మూడు చక్రాలు వచ్చాయి. ఇది చేత్తో ఏరడం కన్నా ఒక మెట్టు పైనే, ఎందుకంటే చెత్త హార్బర్‌లో చెదిరిపోకముందే ముఖద్వారం దగ్గర పట్టేస్తుంది. చెత్తంతా ఒకే వాగులోంచి వచ్చే చోట భేషుగ్గా పనిచేస్తుంది. ఇరవై చిన్న కాలవల్లోంచి వచ్చే చోట డబ్బు దండగ. పైగా ఇది పట్టేది తేలేదాన్నే, నీళ్లలో కలిసినదాన్ని కాదు.

ఇక ఆల్చిప్పలు. ఈ మధ్య అందరి నోటా ఇదే. న్యూయార్క్‌లో 2014లో మొదలైన బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్టు దీనికి పేరు తెచ్చింది. 2035 నాటికి హార్బర్‌లో వంద కోట్ల ఆల్చిప్పలు వేయాలని లక్ష్యం. రెస్టారెంట్లలో తినేసిన చిప్పల్ని పోగుచేసి ఆరుబయట చాలాకాలం ఎండబెట్టి, వాటి మీద ఆల్చిప్ప పిల్లల్ని అంటుకోనిచ్చి నీళ్లలోకి దింపుతారు. ఒక్కో ఆల్చిప్ప రోజుకు 190 లీటర్ల దాకా నీటిని వడగడుతుందని అందరూ చెప్తారు. తప్పు కాదు, కానీ ఆ "దాకా"ని మర్చిపోతారు. అది మంచి సైజున్న ఆల్చిప్ప, సరైన వేడిలో, సరైన ఉప్పదనంలో చేసే పని. చలి నీళ్లలో అంతంతమాత్రమే. అవి తినేది నాచు కణాల్ని, పట్టి కిందికి దింపేది మట్టిని. మురుగులోని సూక్ష్మజీవులు, లోహాలు వాటి ఒంట్లోనే పోగవుతాయి, అందుకే న్యూయార్క్ హార్బర్‌లో పెంచినవి ఇప్పటికీ తినడానికి పనికిరావు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, మురుగు ఆగని చోట అడుగున ఆక్సిజన్ పడిపోతే శుద్ధి చేస్తాయనుకున్న ఆల్చిప్పలే చచ్చిపోతాయి, మీ పెట్టుబడీ మీ పిల్లల ఉత్సాహమూ వాటితోపాటే. నాకు ఆల్చిప్పలంటే కోపమేం లేదు. ఆ చిప్పల దిబ్బల్లో పీతలు, చిన్న చేపలు వచ్చి చేరడం చూస్తే ముచ్చటగానే ఉంటుంది. అవి రెండో అంకంలో రావాలి, అంతే.

మొదటి అంకం మురుగుది. బోస్టన్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 1982లో బోస్టన్ పక్కనున్న క్విన్సీ పట్టణం లాయరు విలియం గోల్డెన్ వొలాస్టన్ బీచ్‌లో పరిగెడుతూ తను అడుగేస్తున్నది మురుగులోనని గమనించాడు, పట్టణం తరఫున కేసు వేశాడు. మరుసటి ఏడు కన్జర్వేషన్ లా ఫౌండేషన్ అనే పర్యావరణ సంస్థ ఫెడరల్ కోర్టుకి వెళ్లింది. కోర్టు వదల్లేదు, ఏ పని ఏ తేదీకి పూర్తి కావాలో నిర్ణయించి ఏళ్ల తరబడి వెంటపడింది. 1991 డిసెంబరులో హార్బర్‌లోకి మురుగు బురద వదలడం ఆగింది. డీర్ ఐలాండ్‌లో కొత్త శుద్ధి కేంద్రం వచ్చింది, 2000 సెప్టెంబరులో శుద్ధి చేసిన నీళ్లని దూరంగా సముద్రంలోకి వదలడానికి సముద్రం అడుగున సుమారు 15 కిలోమీటర్ల సొరంగం తెరిచారు. మొత్తం ఖర్చు 380 కోట్ల డాలర్లు. నీటి బిల్లులు పెరిగి జనం గొడవ చేశారు కూడా. అయినా ఒకప్పుడు అమెరికాలోకెల్లా మురికి హార్బర్ అనిపించుకున్న చోట ఇప్పుడు జనం ఈత కొడుతున్నారు. అన్ని కోట్లు మా దగ్గరెక్కడివి అంటారేమో. బోస్టన్‌లోనూ ఆ సొమ్ము పెట్టింది వాలంటీర్లు కాదు. వాళ్లు చేసింది పెట్టక తప్పని పరిస్థితి తేవడం.

ఆ పరిస్థితి తేవడానికి కావాల్సిన సరుకు చాలా చవక: నీళ్ల సీసాలు, ఐస్ పెట్టె, ఒక నోట్‌బుక్. నా ఓటు దీనికే, కాస్త వివరంగా చెప్తాను. ముందు హార్బర్ చుట్టూ నడిచి ఎక్కడెక్కడ గొట్టాలు, కాలవలు కలుస్తున్నాయో మ్యాపు మీద గుర్తు పెట్టండి. పాటులో వెళ్తేనే అన్నీ బయటపడతాయి. వాటిల్లో మూడు నాలుగు చోట్లు ఎంచుకుని ప్రతి వారం ఒకే రోజు, అదీ కాక పెద్ద వాన పడ్డ మర్నాడు తప్పకుండా నీళ్లు పట్టండి. నీళ్లు వచ్చే వైపు తిరిగి, సీసాని మోచేతి లోతుకి ముంచి నింపాలి, పైనున్న తెట్టు లోపలికి రాకూడదు. మూత లోపలి వైపు వేలు తగిలిందా, ఆ సీసా పక్కన పడేయండి. ఐస్‌లో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి. అక్కడ ఎంటరోకోకై అనే బ్యాక్టీరియాని చూడమనండి, ఉప్పునీటిలో మురుగు కలిసిందనడానికి అదే సరైన గుర్తు. ఒక పద్ధతిలో చిన్న చిన్న గుంటలున్న ట్రేలో నీళ్లు పోసి, ఒక రోజంతా 41 డిగ్రీల వేడిలో ఉంచి, అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరిసే గుంటల్ని లెక్కపెడతారు. ఈతకి సంబంధించి అమెరికా వాళ్ల ప్రమాణం సగటున 100 మిల్లీలీటర్లకు 35. ఎండ రోజుల్లో మామూలుగా ఉండి వాన మర్నాడు అంకె వేలల్లోకి దూకితే ఆ గొట్టంలో వాననీళ్లతోపాటు మురుగు పొంగుతోందనుకోవచ్చు. ఎండ రోజుల్లోనూ ఎక్కువుంటే ఎక్కడో డ్రైనేజీ పగిలి ఉంటుంది, లేదా ఎవరో దొంగ కనెక్షన్ ఇచ్చుకుని ఉంటారు. ఈ రెండూ వేరే జబ్బులు, అధికారుల్ని అడగాల్సిన ప్రశ్నలూ వేరు.

దీంతో ఏం ఒరుగుతుందీ అంటే మళ్లీ బాల్టిమోరే చూడండి. చక్రం కళ్లు అందరికీ తెలుసు గానీ, బ్లూ వాటర్ బాల్టిమోర్ అనే సంస్థ పని తెలిసినవాళ్లు తక్కువ. ఎప్పట్లాగే నీటి పరీక్షలు చేస్తూ 2021లో ఒక మురుగు శుద్ధి కేంద్రం గొట్టం దగ్గర బ్యాక్టీరియా విపరీతంగా ఉందని వాళ్లే పట్టుకున్నారు. ప్రభుత్వ తనిఖీల్లో ఆ కేంద్రంలోనూ, ఇంకో పెద్ద కేంద్రంలోనూ లోపాలు బయటపడ్డాయి, అదే ఏడాది చివర్లో కేసు పడింది, 2023లో ఒప్పందం కుదిరింది. ప్రతి వారం సీసాలు నింపడమంటే బోరు కొట్టే పనే, ఫొటోలకి పనికిరాదు. కానీ చక్రం ఎన్ని టన్నులు తీసినా ఆ గొట్టం సంగతి దానికి తెలిసేది కాదు. 2024 జూన్‌లో ఆ హార్బర్‌లో నలభై ఏళ్లకు పైగా గడిచాక మొదటిసారి జనాన్ని ఈతకి దింపారు, అది కూడా నీటి పరీక్షలు చూసుకునే.

అడుగు బురద జోలికి మాత్రం వాలంటీర్లు పోవద్దు. జపాన్‌లోని మినమాటాలో పాదరసం బురద 15 లక్షల ఘనపు మీటర్ల దాకా తవ్వి పూడ్చడానికి 1977 నుంచి 1990 దాకా పట్టింది. కెనడాలోని హామిల్టన్ హార్బర్‌లో తారు బురదని తీసుకెళ్లడం కుదరక చుట్టూ ఉక్కు గోడ కట్టి అందులో బంధించారు. ఇది ఇంజినీర్ల పని, కదిపితే విషం మళ్లీ నీళ్లలోకి లేస్తుంది. మీరు చేయగలిగిందల్లా ఆ పని సమీక్షించే కమిటీలో కుర్చీ సంపాదించడం.

సీబిన్‌లు, అంటే నీళ్లని పీల్చుకుంటూ తేలే చెత్తని పట్టే బుట్టలు: మరీనా (షికారు పడవలు కట్టేసే రేవు) మూలల్లో ఫరవాలేదు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో పరిశీలిస్తే ప్రతి మూడు నాలుగు చెత్త ముక్కలకూ ఒక ప్రాణి కూడా అందులో చిక్కింది. జెట్టీ మీద నిలబడి వలగరిటెతో తీయడమే మెరుగు. నీళ్లు బాగుపడతాయని సూక్ష్మజీవుల మట్టి ఉండలు విసరడం: మురుగుతో ఇప్పటికే సతమతమయ్యే నీళ్లలో ఇంకాస్త సేంద్రియ పదార్థం వేయడం, వద్దు.

ఒక్క చోట మాత్రం నా వరస మార్చుకుంటాను. చుట్టుపక్కల పెద్ద ఊరు లేని, పడవలే పడవలున్న ఫిషింగ్ హార్బరైతే అక్కడ అసలు గొడవ మురుగు కాదు, పడవ అడుగున చేరే నూనె నీళ్లు, మార్చి పారబోసే ఇంజిన్ ఆయిల్, తెగిపోయిన వలలు. అక్కడ సీసాలు పట్టుకుని తిరిగే బదులు పడవల వాళ్లతో కూర్చుని మాట్లాడండి, జెట్టీ మీద వాడేసిన ఆయిల్‌కి ఒక డ్రమ్ము, పాత వలలకి ఒక చోటు ఏర్పాటు చేయించండి. డ్రమ్ము నిండాక ఎవరు, ఎన్నాళ్లకోసారి ఖాళీ చేస్తారో ముందే రాసుకోండి, లేకపోతే పొంగిపోయి అదే నూనె జెట్టీ మీంచి నీళ్లలోకి పోతుంది.