విమాన దూరం చెప్పే సైటు: కిలోమీటర్లు సరే, గంటలతోనే చిక్కు

రెండు ఊళ్ల పేర్లు కొడితే మధ్యనున్న విమాన దూరం, పట్టే సమయం చెప్పే సైటు ఒకటి ఈ చలికాలమంతా వాడాను. అమ్మ కోసం. టోక్యోలో నా దగ్గరున్న అమ్మ లాస్ ఏంజెలెస్‌లో తమ్ముడింటికి ఒంటరిగా వెళ్లి, నెల తర్వాత తిరిగి రావాలి. ఆవిడకి షుగర్. విమానంలో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్ని అడిగి కాగితం మీద రాసివ్వాలంటే నాకు గంటలు సరిగ్గా తెలియాలి.

దూరం దగ్గర సైటుకు వంక పెట్టను. సుమారు 8,800 కిలోమీటర్లని చూపించింది, అది సరైనదే. మ్యాపులో గీత అలూషియన్ దీవుల వైపు పైకి వంగి ఉంటే అమ్మ చూసి, "తిన్నగా పోక అంత పైకెందుకే పోవడం?" అంది. గ్లోబు తెచ్చి రెండు ఊళ్లకీ దారం ఆనించి బిగించి లాగాను. దారం దానంతటదే పైకి జరిగింది. గుండ్రటి భూమ్మీద దగ్గర దారి అదే. అమ్మ తను కూడా ఒకసారి లాగి చూసుకుంది.

సమయం దగ్గరే నాకు కోపం వచ్చింది. పోవడానికీ రావడానికీ ఒకటే లెక్క, 10 గంటల 15 నిమిషాలు! దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపినట్టుంది. గాలి ఊసే లేదు. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక మామూలు ప్రయాణికుల విమానం 5 గంటల లోపే చేరిందంటే ఆ గాలి చలవే. టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు పోయేది తూర్పుకే కాబట్టి, అమ్మ పోయేటప్పుడు సీటు ముందు తెరమీద వేగం 1,100 దాటిందట, 10 గంటలకు ముందే దిగింది. వచ్చేటప్పుడు 780 దగ్గరే ఆడిందట, దాదాపు 12 గంటలు పట్టింది. ఎయిర్‌లైన్ టైంటేబుల్‌లో రెండు వైపులా విడివిడిగా చూసి కాగితం రాశాను కాబట్టి సరిపోయింది. సైటు మాట పట్టుకుని ఉంటే తిరుగు ప్రయాణంలో గంటన్నరకు పైగా తేడా వచ్చేది.

ఇంకో ఊరి జతతోనూ పరీక్షించాను. హెల్సింకి-టోక్యో కొడితే 9 గంటలంది. 2022లో రష్యా గగనతలం మూసుకుపోయాక ఫిన్నిష్ విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో దక్షిణంగా చుట్టుతిరిగో వెళ్తున్నాయి, 13 గంటల దాకా పడుతోంది. దూరం మారలేదు, దారి మారింది. అది సైటుకు తెలియదు.

రెండు ఊళ్ల గడియారాల తేడా మాత్రం చక్కగా చూపిస్తుంది. సాయంత్రం 5కి టోక్యోలో ఎక్కిన మనిషి అదే రోజు ఉదయం 10కి లాస్ ఏంజెలెస్‌లో దిగుతుందని దాన్ని చూపించే అమ్మను నమ్మించాను. అందుకే కాగితం మీద గడియారం టైము రాయకుండా "ఎక్కిన 4 గంటలకు" అన్నట్టు రాశాను.

5కి 3 ఇస్తున్నా. పోవడానికో గడి, రావడానికో గడి పెట్టి, నెలనుబట్టి గాలి లెక్క కూడా కలిపితే మిగతా రెండూ ఇచ్చేస్తాను.